ఘనమీటర్లు లెక్కపెట్టిన స్కానులోనే రాతి పగుళ్లూ ఉన్నాయి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రాతి క్వారీలకు అనుమతులిచ్చి తనిఖీలు చేసే అధికారులకు, లీజుదారులకు, డ్రోన్ సర్వే చేసే సంస్థలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. క్వారీ గోడల్లోని పగుళ్లను కొలిపించండని మేం ఇచ్చిన వినతిపత్రాల మీద అందినట్టు ముద్ర పడింది. తర్వాత నోటిమాటగా వచ్చిన జవాబు ఒక్కటే: "డ్రోన్ సర్వే అయిపోయింది కదా, ఇంకేం కావాలి?" ఇంకేం కావాలో చెప్పడానికే ఈ లేఖ.

సర్వే అయింది, నిజమే. ఎంత రాయి తవ్వారో, దానికి ప్రభుత్వానికి కట్టాల్సిన రుసుము, అంటే సీనరేజి, ఎంత రావాలో తేల్చడానికి అయింది. అదే ఎగురుడులో, అదే కెమెరాతో, ఇంకో అరపూట పనితో ఆ గోడలో ఏ దిమ్మె ఏ వైపు జారడానికి సిద్ధంగా ఉందో కూడా చాలావరకు తెలుసుకోవచ్చు. ఆ పని ఎవరూ అడగడం లేదు కాబట్టి ఎవరూ చేయడం లేదు. అడిగినా, కంప్యూటర్ ఇచ్చిన రంగుల బొమ్మను యథాతథంగా ఫైల్లో పెట్టేస్తే అసలు చేయకపోవడం కన్నా ప్రమాదం. ఈ రెండు సంగతులూ ఒకేసారి అర్థమైతే తప్ప మా డిమాండ్లు అర్థం కావు.

2025 ఆగస్టు 3న బాపట్ల జిల్లా బల్లికురవ దగ్గర గ్రానైట్ క్వారీలో బండలు విరిగిపడి ఒడిశా నుంచి వచ్చిన ఆరుగురు కూలీలు చనిపోయారు. టెక్కలి చుట్టుపక్కల క్వారీల్లో పనిచేసేవాళ్లలోనూ ఒడిశా వాళ్లు ఉన్నారు. గోడలు అలాంటివే, వాన ఇక్కడ ఇంకా ఎక్కువ. గట్టి రాతిలో బెంచి (గోడలో ఒక్కో మెట్టు) ఎత్తు 6 మీటర్లు మించకూడదని, పక్కలు విరిగిపడకుండా మెట్లుగానో వాలుగానో ఉంచాలని 1961 నాటి లోహ గనుల నిబంధనల్లో 106వది చెబుతోంది. అయితే 6 మీటర్ల బెంచి దానంతటదే భద్రం కాదు. పగుళ్లు ఎటు వాలి ఉన్నాయన్నదాన్ని బట్టి 4 మీటర్ల గోడ కూలవచ్చు, 10 మీటర్ల గోడ నిలబడవచ్చు.

సంగతులు ఇవి.

1. స్కానులో పగులు ఎలా బయటపడుతుందంటే: డ్రోన్ ఫోటోల నుంచైనా, నేలమీద నిలిపిన లేజర్ స్కానర్ నుంచైనా చివరికి చేతికొచ్చేది పాయింట్ క్లౌడ్. అంటే గోడంతా పరుచుకున్న లక్షల చుక్కలు. రాయి సహజమైన పగులు వెంట విడిపోయిన చోట గోడ చదునుగా ఉంటుంది. ప్రోగ్రాం ఒక్కో చుక్క పక్కనున్న 20, 30 చుక్కల్ని కలిపి చూసి, అవి ఒకే పలకలో ఉంటే ఆ పలక ఎన్ని డిగ్రీలు వాలిందో, ఏ దిక్కుకు వాలిందో లెక్కకడుతుంది. వాటన్నిటినీ స్టీరియోనెట్ అనే గుండ్రటి పటం మీద గుర్తిస్తే కొన్ని చోట్ల ముద్దగా పేరుకుంటాయి. ఒక్కో ముద్ద ఒక పగుళ్ల గుంపు. ఆ గుంపులోని చుక్కలు గోడమీద ఎక్కడెక్కడ పక్కపక్కన ఉన్నాయో చూసి విడివిడి పగుళ్లుగా వేరుచేస్తారు. పగులుకూ పగులుకూ మధ్య ఎడం, పగులు పొడవు, వాటి మధ్య చిక్కిన దిమ్మె సైజు అన్నీ అక్కడినుంచే వస్తాయి. స్పెయిన్‌లోని అలికాంటే విశ్వవిద్యాలయంలో తయారైన డీఎస్‌ఈ అనే ప్రోగ్రాం, పాయింట్ క్లౌడ్‌లు చూసే క్లౌడ్‌కంపేర్ ప్రోగ్రాంలో ఉండే ఫాసెట్స్ ఈ పని చేస్తాయి. రెండూ ఉచితంగా దొరుకుతాయి. కాబట్టి ఖర్చు అనే సాకు చెల్లదు.

ఇందులో మనిషి చేతిలో ఉండే అంకెలే అసలు కీలకం. పక్క చుక్కలు మరీ తక్కువ తీసుకుంటే రాతి గరుకంతా పగుళ్లుగా లెక్కలోకొస్తుంది. మరీ ఎక్కువ తీసుకుంటే మూలలు గుండ్రంగా అరిగిపోయి, రెండు పగుళ్ల మధ్య లేని వాలొకటి పుట్టుకొస్తుంది. దాదాపు నిట్టనిలువుగా ఉన్న పగుళ్ల గుంపు ఒకటే అయినా, కొన్ని 88 డిగ్రీలు తూర్పుకు, కొన్ని 87 డిగ్రీలు పడమరకు వాలి ఉంటే పటంలో ఎదురెదురు అంచుల్లో పడి రెండు గుంపులుగా కనిపిస్తాయి. అన్నిటికన్నా చెడ్డది ఇంకొకటుంది. ఒకే పొడవాటి పగులు మెట్లుమెట్లుగా విరిగి ఉంటే ప్రోగ్రాం దాన్ని నాలుగైదు పొట్టి పగుళ్లుగా చూపిస్తుంది. రిపోర్టులో గోడ పటిష్ఠంగా కనిపిస్తుంది. ఒకే పలకలో ఉన్న ముక్కల్ని కలిపారా లేదా అని అడగకుండా ఆ రిపోర్టు మీద సంతకం పెట్టకూడదు.

2. మన గ్రానైట్ క్వారీల్లో ప్రోగ్రాం పొరబడే చోటు వేరు. దీని గురించి బయటి దేశాల కొండచరియల మీద రాసిన పద్ధతి పుస్తకాలు పెద్దగా మాట్లాడవు, ఎందుకంటే ఆ కొండల్ని ఎవరూ వైర్ సాతో (తీగ రంపంతో) కోయలేదు.

బ్లాకుల కోసం తవ్వే క్వారీలో గోడలో ఎక్కువ భాగం డైమండ్ వైర్ సాతో కోసిన ముఖం. అది అద్దంలా చదునుగా ఉంటుంది. చదునును వెతికే ప్రోగ్రాంకు అంతకన్నా మంచి పగులు దొరకదు. అందుకే రిపోర్టులో మొదటి గుంపు, అన్నిటికన్నా పెద్ద గుంపు, సహజమైన పగులు కానే కాదు, రంపం కోసిన ముఖం. డ్రిల్లు వరసలు వేసి విడదీసిన ముఖం కూడా అంతే. గోడమీద సగం గొట్టంలాంటి గాడులు వరసగా కనిపిస్తే అది మనిషి పని. కంకర క్వారీలో పేలుడు వల్ల పుట్టిన పగుళ్లు మందు పెట్టిన రంధ్రం చుట్టూ చెదిరి ఉంటాయి, సహజ పగుళ్లలా ఒకే వాలులో వరస తీరవు. ప్రోగ్రాం ఇవన్నీ కలిపి ఒకే ఖాతాలో వేస్తుంది.

దీనికి రెండో వైపు ఇంకా ప్రమాదకరం. కోసిన నున్నటి ముఖం మీద నిజమైన పగులు పలకలా బయటికి కనిపించదు, వెంట్రుకంత గీతలా కనిపిస్తుంది. పలకల్ని వెతికే పద్ధతికి గీత కనబడదు. అంటే లేనిదాన్ని పట్టుకుని, ఉన్నదాన్ని వదిలేసిందన్నమాట. గీతల్ని పట్టాలంటే ఫోటోల మీద వేరే పద్ధతి నడపాలి, దొరికిన గీతను తిరిగి మూడు కొలతల గోడమీద అతికించాలి. ఫోటోలో పగుళ్లు గుర్తించే న్యూరల్ నెట్‌వర్కులు (ఉదాహరణలు చూపి నేర్పే ప్రోగ్రాంలు) ఇప్పుడు సులభంగా దొరుకుతున్నాయి కానీ, తారురోడ్డు, కాంక్రీటు పగుళ్లు చూపించి తర్ఫీదిచ్చినవాటిని తెచ్చి టెక్కలి రాతి మీద నడిపితే అభాసుపాలవుతాం. వైజాగ్ బ్లూ పేరుతో అమ్మే రాతిలో అలలు అలలుగా చారలుంటాయి. క్వార్ట్జ్ నరాలు, నల్లటి ఖనిజపు చారలు, వాననీరు కారిన మరకలు, రంపం గీతలు అన్నీ దానికి పగుళ్లే. ఇక్కడి రాతి ఫోటోల మీద ఇక్కడివాళ్లు చేత్తో గీసి చూపించి మళ్లీ తర్ఫీదివ్వాలి.

3. ఎగిరిన ఎత్తు. ఘనపరిమాణం కోసం డ్రోన్‌ను పైనుంచి నిలువుగా కిందకు చూపిస్తూ ఎగరేస్తారు. అంగుళం సెన్సారు, 20 మెగాపిక్సెళ్ల మామూలు డ్రోన్ కెమెరా 100 మీటర్ల ఎత్తు నుంచి తీస్తే ఒక పిక్సెల్‌కు నేలమీద సుమారు 2.7 సెంటీమీటర్లు వస్తుంది. 30 మీటర్ల నుంచైతే 0.8, గోడకు ఎదురుగా 15 మీటర్ల దూరంలో ఎగిరితే 0.4. ఒక గీత కనబడాలంటే అది కనీసం రెండు మూడు పిక్సెళ్ల వెడల్పుండాలి. 100 మీటర్ల నుంచి తీసిన ఫోటోలో వేలు దూరే నెర్రె కూడా కనబడదు.

అంతకన్నా పెద్ద లోపం ఇంకోటి. నిలువుగా కిందకు చూసే కెమెరాకు నిట్టనిలువు గోడ దాదాపు కనిపించనే కనిపించదు. ఘనపరిమాణం లెక్కకు వాడే ఎత్తుల పటంలో ఒక్కో గడికి ఒక్కటే ఎత్తు ఉంటుంది. 6 మీటర్ల గోడ అందులో ఒక గడికీ పక్క గడికీ మధ్య తేడాగా మిగిలిపోతుంది. గోడ లేని పటంలో గోడ పగుళ్లు వెతకమంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు? నేలమీది లేజర్ స్కానరుకు ఈ ఇబ్బంది లేదు, కానీ కింద నిలబెడితే పై బెంచీల నేల, పైన పొడుచుకొచ్చిన దిమ్మెల వెనక వైపు నీడలో పడిపోతాయి. అందుకే రెండు మూడు చోట్ల నుంచి తీయాలి. ఒకే దిక్కు చూసే గోడను మాత్రమే తీస్తే ఆ గోడకు అడ్డంగా లోపలికి పోయే పగుళ్లు దాదాపుగా లెక్కకు రావు. వేరే దిక్కు చూసే గోడ ఇంకొకటి తప్పనిసరి.

4. ఉత్తరం ఎటు? చిన్న ప్రశ్నే, కానీ దీని దగ్గర తప్పితే మిగతాదంతా వృథా. లేజర్ స్కానరును భూమి కోఆర్డినేట్లకు కట్టకుండా వాడితే దాని ఉత్తరం అది నిలబెట్టిన వైపు. పగుళ్ల దిక్కులన్నీ ఒకేసారి తిరిగిపోతాయి. మన జిల్లాకు ఇంకో చిక్కుంది. శ్రీకాకుళం పట్టణం దాటి నరసన్నపేట చేరేలోపే 84 డిగ్రీల తూర్పు రేఖాంశం దాటుతాం. పటాల కోసం భూమిని నిలువు పట్టీలుగా, అంటే జోన్లుగా, విడగొట్టే యూటీఎం పద్ధతిలో అక్కడ 44వ జోన్ అయిపోయి 45 మొదలవుతుంది. విజయనగరం 44లో, టెక్కలి, పలాస 45లో. ఆ రేఖ మీద ఒకే రాయికి ఈస్టింగ్ (తూర్పు దిక్కు కొలత) ఒక జోన్‌లో సుమారు 8,17,000 మీటర్లు, రెండోదానిలో సుమారు 1,83,000. రెండు జోన్ల గ్రిడ్ ఉత్తరాల (పటం గీతలు చూపే ఉత్తరాల) మధ్య తేడా దాదాపు 2 డిగ్రీలు. ఆ 2 డిగ్రీలు పగులు వాలుకు పెద్ద నష్టం కాదు, సహజమైన చెదురుడే అంతకన్నా ఎక్కువ. కానీ వానకు ముందు స్కాను ఒక జోన్‌లో, తర్వాతి స్కాను ఇంకో జోన్‌లో ఇస్తే రెండూ పోల్చడం కుదరదు. ఫైల్లో జోన్ రాయని సర్వేను వెనక్కి పంపేయండి.

5. స్కానుకు కనిపించనివి. పగుళ్ల గురించి కొలవాల్సినవి పదింటిని అంతర్జాతీయ రాతి యాంత్రిక శాస్త్ర సంఘం 1978లో పద్ధతిగా రాసిపెట్టింది. వాలు దిక్కు, ఎడం, పొడవు, గరుకు, గుంపుల సంఖ్య, దిమ్మె సైజు స్కాను చెప్పగలదు. పగులు గోడ ఎంత గట్టిది, లోపల మట్టి పట్టిందా, నీరు ఊరుతోందా అన్నది చెప్పలేదు. తూర్పు కనుమల్లో దొరికే ఖోండలైటు అనే రాతిలో, పై పొర దగ్గర కుళ్లిన రాతిలో పగుళ్ల మధ్య తెల్లటి బంకమట్టి చేరుతుంది. ఎండాకాలంలో గట్టిగా ఉండే ఆ మట్టి వానకు సబ్బులా జారుతుంది. దాన్ని పట్టడానికి మనిషి గోడ దగ్గరకు పోవాలి, గునపంతో తట్టాలి. ఖంగుమంటే గట్టిది, బొదబొదమంటే డొల్ల. పాత రాళ్లపని మేస్త్రీ చెవిని ఇంతవరకు ఏ స్కానరూ మించలేదు.

6. పగులు దొరికితే సరిపోదు, గోడతో కలిపి చూడాలి. తూర్పు చూసే గోడ 80 డిగ్రీలు ఉందనుకోండి. పగులు 50 డిగ్రీలు తూర్పుకు వాలి ఉంటే దాని పైనున్న రాయి జారడానికి దారి తెరిచి ఉన్నట్టే, ఎందుకంటే రాతి మీద రాయి ఆగే ఘర్షణ కోణం మామూలుగా 30, 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇది సులభంగా తెలిసేది. తెలియనిది రెండు పగుళ్ల మధ్య ముక్క. ఒక పగులు ఈశాన్యానికి 60 డిగ్రీలు, ఇంకొకటి ఆగ్నేయానికి 60 డిగ్రీలు వాలి ఉన్నాయి. విడివిడిగా చూస్తే ఒక్కటీ గోడ దిక్కుకు దగ్గరగా లేదు, తనిఖీ పట్టికలో రెండింటికీ "ప్రమాదం లేదు" అని పడుతుంది. కానీ ఆ రెండూ కలిసే గీత సరిగ్గా తూర్పుకు 51 డిగ్రీల వాలులో దిగుతుంది. ఆ రెంటి మధ్య చిక్కిన ముక్క అటే జారుతుంది. అందుకే గుంపుల జాబితా ఒక్కటే ఇచ్చే రిపోర్టు అసంపూర్ణం. ప్రతి గోడకూ పలక జారుడు, రెండు పగుళ్ల మధ్య ముక్క జారుడు, బోర్లాపడడం మూడూ విడిగా పరీక్షించాలి.

నీటి సంగతి చెప్పక తప్పదు. గోడ వెనక 5 మీటర్ల లోతు నిలువు పగులు వాననీటితో నిండితే ప్రతి మీటరు పొడవుకూ సుమారు పన్నెండున్నర టన్నుల బలం రాతిని బయటికి తోస్తుంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఎంత వాన కురిపించిందో ఉద్దానం మరచిపోలేదు. తుపాను తర్వాత కొబ్బరిచెట్లు లెక్కపెట్టాం, ఇళ్లు లెక్కపెట్టాం. క్వారీ గోడల్ని కూడా అలాగే చూసి లెక్క రాయాలి.

7. దీని బరువు ఎవరి మీద పడుతుంది? మీటరున్నర పొడవు, 1.2 మీటర్ల వెడల్పు, 0.8 మీటర్ల మందం దిమ్మె అంటే చూడ్డానికి పెద్దదేమీ కాదు, బరువు మాత్రం 3.9 టన్నులు. 6 మీటర్ల పైనుంచి పడితే నేలను తాకేటప్పటికి వేగం గంటకు 39 కిలోమీటర్లు. దాని కింద ఉండేది డ్రిల్లరు, అతని హెల్పరు, వైర్ సాకు నీళ్లు పట్టే కుర్రాడు, పొక్లెయిన్ ఆపరేటరు. వాళ్లలో చాలామందికి చేతిలో నియామక కాగితం కూడా ఉండదు. ఊరు ఇక్కడిది కానివాడైతే నష్టపరిహారం కోసం తిరగాల్సిన దూరం ఇంకా ఎక్కువ. ఒక్క గోడ కూలితే క్వారీ నెలల తరబడి మూతపడుతుంది, లారీల మీద, టీకొట్టు మీద, కటింగ్ యూనిట్ల మీద బతికేవాళ్లకు కూలి ఆగుతుంది.

లీజుదారులకు ఒక మాట. ఇది మీ లాభం లెక్క కూడా. పగుళ్ల ఎడం ముందే తెలిస్తే ఎటు కోస్తే పెద్ద బ్లాకు పగులు లేకుండా వస్తుందో తెలుస్తుంది. పగులున్న బ్లాకు కటింగ్ యూనిట్లో రెండుగా విడిపోయాక తెలుసుకోవడం కన్నా గోడమీదే తెలుసుకోవడం చవక.

ఈ పద్ధతి క్వారీలకే కాదు. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం ఘాట్ భాగంలో వానాకాలం బండలు పట్టాల మీద పడడం కొత్త కాదు. అక్కడ చెట్లు అడ్డం కాబట్టి ఫోటోల కన్నా ఆకుల సందుల్లోంచి దిగే లేజర్ మేలు. ఆ విషయం వేరే లేఖకు వదిలేస్తున్నాం.

మా డిమాండ్లు:

1. సర్వే సంస్థలు ఘనమీటర్ల పీడీఎఫ్ ఒక్కటే ఇచ్చి పోకూడదు. అసలు ఫోటోలు, పాయింట్ క్లౌడ్ ఫైలు, జోన్ నంబరు, కంట్రోల్ పాయింట్ల (స్థానం కచ్చితంగా కొలిచి పెట్టిన గుర్తుల) కోఆర్డినేట్లు ఆఫీసుకు, లీజుదారుకు ఇవ్వాలి. ఇప్పటికే తీసిన సర్వేల ఫైళ్లు చెరిపేయకుండా దాచాలి.

2. ఘనపరిమాణం ఎగురుడు అయ్యాక, మనుషులు పనిచేసే ప్రతి గోడకూ ఎదురుగా, కెమెరాను గోడవైపు తిప్పి ఇంకో ఎగురుడు చేయించాలి. పిక్సెల్ 1 సెంటీమీటరు దాటకూడదు. కంట్రోల్ పాయింట్లు క్వారీ అడుగున మాత్రమే కాకుండా గోడమీద, పై బెంచి మీద కూడా పెయింటుతో గుర్తించాలి. దుమ్ము లేచే వేళ, బ్లాస్టింగ్ అయిన వెంటనే తీయకూడదు.

3. పగుళ్ల రిపోర్టులో కోసిన ముఖాలు, డ్రిల్లు వేసిన ముఖాలు, యంత్రాలు, చెట్లు, నీటిమడుగులు తీసేసిన తర్వాతి లెక్కే ఉండాలి. తీసేసిన భాగం వేరే రంగులో చూపాలి. ఎన్ని పక్క చుక్కలు తీసుకున్నారు, ఎన్ని డిగ్రీల తేడాను ఒకే గుంపుగా లెక్కించారు, ఎన్ని చుక్కల కన్నా చిన్న ముక్కల్ని వదిలేశారు అన్నది మొదటి పేజీలోనే రాయాలి. రాయకపోతే ఇంకొకరు సరిచూడలేరు.

4. ప్రతి గుంపులో కనీసం 10 పగుళ్లను భూగర్భ శాస్త్రం చదివిన మనిషి కంపాస్‌తో చేత్తో కొలిచి స్కాను అంకెల పక్కన రాయాలి. తేడా 5 డిగ్రీలు దాటితే కారణం రాయాలి. లోహపు యంత్రాల పక్కన కంపాస్ తప్పు చూపిస్తుంది కాబట్టి కంప్రెషర్‌కు, పొక్లెయిన్‌కు దూరంగా కొలవాలి. మట్టి, ఊట, డొల్ల చప్పుడు ఉన్న చోట్లు విడిగా గుర్తించాలి.

5. ఏడాదికి రెండు స్కాన్లు: ఒకటి మే నెలలో, రెండోది తుపాన్ల కాలం దాటాక డిసెంబరులో. తుపాను తీరం దాటిన వారంలో అదనంగా ఇంకొకటి. రెండు స్కాన్లను పోల్చి కదిలిన చోట్లు చూపాలి. రెండు క్లౌడ్‌ల మధ్య గోడకు లంబంగా దూరం కొలిచే ఎం3సీ2 పద్ధతి క్లౌడ్‌కంపేర్‌లోనే ఉంది. ఇక్కడ కూడా ఒక జాగ్రత్త: రెండు స్కాన్ల అమరికలోనే 3 సెంటీమీటర్ల తప్పుంటే 2 సెంటీమీటర్ల కదలిక చూశామని చెప్పడం అబద్ధం.

6. ప్రమాదమని రిపోర్టులో తేలి ఎరుపు గుర్తు పడిన గోడ కింద, వదులు రాయి దించి మేట్ (పని చూసే బాధ్యుడు) సంతకం పెట్టేవరకు పని ఆపాలి. ఆపిన రోజుల కూలి కార్మికుడి జేబులోంచి కోయకూడదు. ఈ రెండో మాట లేకపోతే మొదటిది కాగితం మీదే ఉంటుంది, ఆకలితో ఉన్నవాడు ఎర్ర గీత దాటి వెళ్తాడు.

7. గోడల ఫోటో మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుర్తులతో చేసిన పటాన్ని హాజరు వేసే చోట తెలుగులో, ఒడియాలో పెట్టాలి. స్టీరియోనెట్ ఆఫీసు ఫైల్లో ఉంటే చాలు.

ఈ లేఖకు జవాబు రాతపూర్వకంగా కోరుతున్నాం. ఏ క్వారీదైనా సరే, ఒక పాయింట్ క్లౌడ్ ఫైలు, ఆ గోడ దగ్గరకు వెళ్లే అనుమతి ఇస్తే అధికారుల ఎదుటే, లీజుదారు ఎదుటే, రుసుము తీసుకోకుండా పై పనంతా చేసి చూపిస్తాం. మే నెల స్కానుకు సర్వే సంస్థలతో ఒప్పందాలు రాసుకునేలోపు ఆ పిలుపు వస్తే మంచిది. ఒప్పందంలో గోడ ఎగురుడు లేకపోతే వచ్చే వానాకాలానికీ మన దగ్గర ఘనమీటర్లే ఉంటాయి.

ఇట్లు,
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సర్వే, భూగర్భ శాస్త్ర పనుల్లో ఉన్న కొందరం